కొమ్ము మీద బతుకమ్మ

పోయిన వారం ఒక పొద్దున, పొయ్యి మీద పాలు పెట్టి వాకిలి ఊడుస్తుంటే ఎదురింటి అన్న వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. చీపురు పక్కన పెట్టేదాకా ఆగాడు. "మీ వదినె పోయింది చెల్లె," అన్నాడు. ఆయనే మళ్లీ, "పొయ్యి మీద పాలున్నట్టున్నయి. మాడు వాసనొస్తున్నది, సూసుకో," అన్నాడు. నేను లోపలికి పరుగెత్తి పొయ్యి ఆపి వచ్చేసరికి ఆయన వాళ్ల గుమ్మం ఎక్కేశాడు.

ఆమె నాకు చుట్టం కాదు. నాచారంలో మా ఇల్లూ వాళ్ల ఇల్లూ ఎదురెదురు, మధ్యలో ఆటో పట్టేంత సందు. వాళ్లది జనగామ పక్క పల్లె, ఫ్యాక్టరీ పని కోసం వచ్చి స్థిరపడ్డారు. మాది విశాఖ దాటాక వచ్చే సముద్రం ఒడ్డు. మా ఆయనకి ఉప్పల్‌లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వస్తే ఇక్కడికి చేరాం. ఆమెను నేను వదిన అన్నాను, నన్ను ఆమె వదినె అంది. ఎవరు ఎవరికి వదిన అని మేమెప్పుడూ తేల్చుకోలేదు. ఆమె భర్త మాత్రం నాకు అన్న అయిపోయాడు.

ఆ రోజు వచ్చిన ఆడవాళ్లంతా ఒకే మాట అన్నారు. పసుపు కుంకుమలతో పోయింది, అదృష్టవంతురాలు అని. అన్న అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆ మాట పదిమంది నోటా విన్నాడు. ఎవరి అదృష్టం గురించి మాట్లాడుతున్నారో అడుగుదామనుకున్నాను, ఓపిక లేకపోయింది. ఈ మధ్య నాకు చాలా విషయాల్లో ఓపిక ఉండటం లేదు. అందుకే నాలుగు మాటలు మీకు చెప్పుకుంటున్నాను. నాకు పొగడటం చేతకాదు, ఆమెకు పొగిడించుకోవడం చేతకాదు.

వదిన ఎప్పుడూ మా కాలింగ్ బెల్లు నొక్కలేదు. అది కొత్తవాళ్లకని ఆమె లెక్క. గేటు గొళ్లెం ఆడించి, "ఉన్నవా?" అనేది. సాయంత్రం ఫ్యాక్టరీల వైపు నుంచి ముక్కు మండే వాసన మొదలవుతుంటే, మాకింకా తెలియకముందే, సందులోంచి కేకేసేది. "గాలి మర్లింది, కిటికీలు పెట్టుకోండ్రి." అటు నాలుగిళ్లు, ఇటు నాలుగిళ్లు ఆమె కేకకే కిటికీలు మూసేవి. గిన్నెలో కూర పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది కాదు. ఏమీ లేని రోజున కరివేపాకు రెబ్బ పడేసి ఇచ్చేది. మాటైనా గిన్నెయినా ఉత్తగా ఇయ్యొద్దు అనేది.

బిస్కెట్ ప్యాకింగ్‌లో పని ఆమెది. పొద్దస్తమానం నిలబడే ఉండాలి. ఇంటికొచ్చి మా మెట్టు మీద కూలబడి, కాళ్లు సందులోకి చాపి, "అయిపోయింది," అనేది. ఏమైపోయింది వదినా అంటే, "ఇయ్యాల్టిది," అనేది. రేపటి మాట ఎత్తితే విసుక్కునేది. "రేపు రానీ తియ్యి, దాన్ని గుంజుకరావుడెందుకు." ఆమె పక్కన ఆ మెట్టు మీద కూర్చున్న సాయంత్రాలే నన్ను ఈ ఊరిదాన్ని చేశాయి.

రాష్ట్రం రెండు ముక్కలవుతున్న రోజుల్లో సందు చివర ఒకావిడ నన్ను ఆపి, మీరెప్పుడు సర్దుకుని వెళ్తున్నారని అడిగింది. నవ్వుతూనే అడిగింది. నేను నోరు తెరిచేలోపే వదిన గేట్లోంచి అందుకుంది. "యాడికి పోతది? జొన్నరొట్టె కొట్టుడు ఇంక రాలే ఆమెకు. అది నేర్పేదాక పోనియ్య." ఆ తర్వాత ఎవరూ ఆ మాట అడగలేదు. రొట్టె నాకు ఇప్పటికీ సరిగా రాదు.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది సముద్రం సంగతి.

మా అమ్మమ్మ ఊరికి కూతవేటు దూరంలో ఒక కొండ ఉంది. ఎర్రమట్టి నేల నడుచుకుంటూ వెళ్లి, నల్ల బండల దగ్గర ఒక్కసారిగా ఆగిపోతుంది. కింద సముద్రం. మేం దాన్ని కొమ్ము అనేవాళ్లం. మా చిన్నతనంలో అక్కడ గాలీ మేకలూ తప్ప ఏమీ ఉండేవి కావు. మేకల దారి ఒకటి బండల మధ్యగా ఇసుక దాకా దిగేది. పిల్లలు బడికెళ్లే రోజుల్లో ఒక దసరా సెలవులకి రెండు కుటుంబాలం కలిసి అక్కడికి వెళ్లాం. వదిన సముద్రం చూడటం అదే మొదలు. కొమ్ము చివర నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "అవుతలి గడ్డ యాడున్నది వదినె?" అని అడిగింది.

ఆ రోజు సద్దుల బతుకమ్మ, పండగ ఆఖరి రోజు. ఊరు కాని ఊళ్లో ఉన్నాం కదా, ఈ ఏడు మానెయ్యమంటే ఆమె ఒప్పుకోలేదు. తంగేడు, గునుగు తడిగుడ్డలో చుట్టి నాచారం నుంచి రైల్లో తెచ్చింది. కొమ్ము మీద కూర్చుని, తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, వరస మీద వరస పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలబెట్టింది. మేమిద్దరం, మా పిల్లలు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టాం. మేకలు కాసే ముసలావిడ కూడా వచ్చి కాసేపు తిరిగింది.

ఒడ్డున వదిలితే అల తిరిగి తెచ్చేస్తుంది, పడవలో లోపలికి తీసుకెళ్లాలని నేను చెప్పాను. ఆమె వినలేదు. "గంగమ్మ యాడైన గంగమ్మనే గద." బతుకమ్మను తలకెత్తుకుని మేకల దారిన దిగింది. చెరువులో దిగినట్టే మోకాళ్ల దాకా దిగి, గౌరమ్మను తీసి కొంగున కట్టుకుని, రెండు చేతులా మెల్లగా ముందుకు తోసింది. చెరువైతే అక్కడితో పని అయిపోతుంది, బతుకమ్మ తన దారిన తాను పోతుంది. ఇక్కడ వెనకే అల లేచి, బతుకమ్మను తలకిందులు చేసి ఆమె కాళ్ల మీదే పడేసింది. ఆమె సర్ది మళ్లీ తోసింది. మళ్లీ తెచ్చింది. చివరికి పూలన్నీ విడివిడిగా ఇసుకంతా పరుచుకున్నాయి.

అన్న బండ మీద కూర్చుని పగలబడి నవ్వాడు. ఫ్యాక్టరీ యూనియన్‌లో తిరిగిన మనిషి, గుడి ముందు నుంచి పోతూ కూడా చెయ్యెత్తని మనిషి. "మీ సముద్రానికి వద్దంట. వాపస్ కొట్టింది," అన్నాడు. వదిన పైకొచ్చి అందరికీ రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు పెట్టింది. ఆయనకీ పెట్టింది.

ఆ తర్వాత ప్రతి ఏడూ బతుకమ్మ రోజుల్లో సందులో ఈ కథ నడిచేది. చెప్పేది ఆమే. "గంత నీళ్లున్నయి, నాదొక్క బతుకమ్మ పట్టలేదు వదినె వాళ్ల సముద్రానికి," అని అందరినీ నవ్వించి, నా వైపు చూసి తనూ నవ్వేది. ఆమె మనసులో ఏమీ పెట్టుకోలేదు. పెట్టుకున్నది వేరే మనిషి. అది నాకు నిరుడు తెలిసింది.

నిరుడు వానాకాలంలో వదిన గుండె బలహీనపడిందని తేలింది. సందు దాటి మా మెట్టు దాకా రావడానికి మధ్యలో ఆగేది. అన్న ఇంటి పని మొత్తం నేర్చుకున్నాడు, మందుల వేళలు గోడ మీద రాసుకున్నాడు. ఒకరోజు నాచారం మెయిన్‌రోడ్డు మీద కూరలు కొంటుంటే ఎదురొచ్చి, నా చేతిలో సంచి అందుకుని, చాయ్ బండి దగ్గర ఆపాడు. చాయ్ సగం తాగాక అడిగాడు.

"మీ ఊరి సముద్రం కాడికి ఓసారి పోదామా చెల్లె?"

"ఈ ఆరోగ్యంతోనా అన్నా?"

"ఆనాడు నేను నవ్విన," అన్నాడు. "నాకు నమ్మకం లేదు, నీకెరుకే. గనీ నవ్విన గద. మళ్ల ఒక్కసారి మంచిగ సాగనంపి వస్తే... ఏమో. మీ వదినె తేరుకుంటదేమో."

అంత పెద్ద మనిషి, ఆ మాట అనడానికి చాయ్ గ్లాసు వైపు చూస్తూ అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అక్కడ ఏడవలేక వంకాయలు బాగున్నాయా లేదా అని సంచిలో చూశాను.

వదినతో చెప్తే తిట్టి ఆపుతుందనుకున్నాను. మెట్టు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అంతా వింది. "పోదాం తియ్యి," అంది. "నాకు పానం బాగలేదు, పొయ్యేదాన్ని పోత. నాకు సముద్రం మీద కోపం లేదు వదినె. మీ అన్నకే ఆయన మీద ఆయనకు కోపం. నేను లేని నాడు గదే యాది పెట్టుకొని కూసుంటడు. గంత దూరం పోయొస్తే కుదుటపడ్తడంటే, పోదాం." డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు కానీ రైలెక్కొద్దనలేదని అన్న అప్పటికే వాదన సిద్ధం చేసుకున్నాడు.

పూలు కూడా ఆయనే తెచ్చాడు. ఒకప్పుడు మౌలాలి గుట్ట చుట్టూ, కాప్రా చెరువు కట్ట మీద కావలసినంత తంగేడు ఉండేది. ఇప్పుడక్కడ ఇళ్లు తప్ప ఏమున్నాయి. స్కూటర్ మీద అన్నోజిగూడ దాటి ఎక్కడికో పోయి, ముళ్లు గీరుకుని, సగం గోనె తంగేడుతో వచ్చాడు. గునుగు మాత్రం ఉప్పల్ మార్కెట్‌లో కొన్నాం. సద్దుల ముందు రోజు ముగ్గురం రైలెక్కాం. దారి పొడుగునా ఆయనే పూల మీద నీళ్లు చిలకరించాడు.

పొద్దున కారు మాట్లాడుకుని వెళ్లాం. కొమ్ము దగ్గరికి వచ్చేశామని డ్రైవర్ చెబితే నేను నమ్మలేదు. నాలుగు వరసల రోడ్డు, సిమెంటు తోరణం, టికెట్ కౌంటర్, మనిషెత్తు రంగు అక్షరాలు, వాటి మధ్య దూరి ఫోటోలు. నల్ల బండల మీద నుంచి సముద్రం మీదికి గాజు వంతెన. స్పీకర్లలో చెవులు చిల్లులు పడే పాటలు. నాకు ఒళ్లు మండింది, ఎవరిని తిట్టాలో తెలియలేదు. పార్కింగ్‌లో సగం కార్లు మన హైదరాబాద్‌వే. క్యూలో నా ముందు నిలబడ్డ కుటుంబం రామంతాపూర్ నుంచి వచ్చింది. మేమూ టికెట్ కొనుక్కుని అదే క్యూలో నిలబడ్డాం. మా అమ్మమ్మ కట్టెలు ఏరుకున్న కొండ ఎక్కడానికి చేతి మీద స్టాంపు వేయించుకున్నాను.

గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రవాడు మా పూల అట్టపెట్టె తెరిచి చూశాడు. "పూలు లోపలికి అవ్వదమ్మా. పూజ సామాన్లు అసలు పంపొద్దన్నారు."

అన్న బతిమాలడం మొదలుపెట్టాడు. నేనాయన ఎవరినైనా బతిమాలడం చూసింది అదే మొదలు. ఇంతలో వాకీటాకీ పట్టుకున్న సూపర్‌వైజర్ వచ్చి పెట్టెలోకి తొంగి చూశాడు. "బతుకమ్మ ప్రోగ్రామ్ వాళ్లా? ఇంత లేటేంటండీ, రండి రండి," అన్నాడు.

"ఔ సారూ, ప్రోగ్రామోళ్లమే," అంది వదిన, తడుముకోకుండా.

లోపలికొచ్చాక అన్న ఆమె వైపు కళ్లెర్రజేశాడు. "గేటు దాటుడు కావాలె గద," అంది ఆమె. ఆ రోజంతటిలో నేను నవ్వింది అప్పుడొక్కసారే.

మేకల దారి కోసం వెతికాను. అది ఉండాల్సిన చోట ఉక్కు రెయిలింగ్ ఉంది, అవతల అంతా కాంక్రీటు పోసేశారు. ఎవరో సెల్ఫీ తీసుకుంటూ జారిపోయారట, అందుకని కిందికి దారి మూసేశారట. వదిన పుట్టగొడుగు ఆకారంలో కట్టిన సిమెంటు దిమ్మె మీద కూలబడింది. కూర్చునే, ఒళ్లో తాంబాలం పెట్టుకుని బతుకమ్మ పేర్చింది. నేను పూలు అందించాను. జనం మూగారు. ఒకమ్మాయి వదిన పక్కన దూరి, "ఆంటీ, కొంచెం నవ్వండి," అని ఫోన్ ఎత్తింది. వదిన నవ్వింది కూడా.

అప్పుడు కాప్రా నుంచి వచ్చిన ఆడవాళ్ల గుంపు ఒకటి అటుగా వచ్చింది. చూసి ఆగిపోయారు. ఎవరూ అడగకుండానే చెప్పులు విడిచి చుట్టూ చేరి చప్పట్లు అందుకున్నారు. స్పీకర్ల మోత మధ్య వాళ్ల గొంతులు సగమే వినపడ్డాయి. నిజం చెప్పాలి, ఆ కాసేపూ బాగానే ఉంది. వదిన లేచి తిరగలేక మధ్యలో కూర్చుని, చేత్తో మోకాలి మీద తాళం వేసింది. తర్వాత వాళ్ల గాజు వంతెన టైము అయిందని మైకులో పిలిస్తే చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోయారు.

"ఈడి నుంచి ఇడుద్దామా?" అన్నాడు అన్న, రెయిలింగ్ మీద నుంచి కిందికి చూస్తూ.

"ఇసిరేసుడా? చెత్తనా అది?" అంది వదిన.

ఆయన రెయిలింగ్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆయన వీపు చూస్తే ఎంత అలిసిపోయాడో తెలిసింది. నేనూ అలిసిపోయాను. ఇంటికి తీసుకుపోదాం, మన చెరువులోనే వేద్దామనే మాట నా నోటి చివరి దాకా వచ్చింది. వదిన నా ముఖం చూసి తల అడ్డంగా ఊపింది.

గేటు దగ్గరి సెక్యూరిటీ కుర్రవాడు ఇదంతా చూస్తున్నట్టున్నాడు. మెల్లగా దగ్గరికొచ్చాడు. "మీరు ప్రోగ్రామోలు కాదు కదమ్మా," అన్నాడు. "కింద మా పేటుంది. ఆ రిసార్టు గోడ ఎంబడి ఎల్తే దారుంది. ఇప్పుడు మాకూ అదొక్కటే దారి. మెల్లగా దిగండి, మామ్మకి ఆయాసంలాగుంది."

గోడ చాలా పొడుగు. ఒక పక్క గోడ, ఒక పక్క మురికి కాలవ, మధ్యలో మనిషి పట్టే దారి. వదిన కరెంటు స్తంభం వచ్చినప్పుడల్లా ఆగింది. అన్న తాంబాలం పట్టుకుని ముందు నడుస్తూ, ఆమె ఆగినప్పుడల్లా తనూ ఆగాడు. కిందికెళ్తే, నా చిన్నప్పుడు పడవలు బారులు తీరి ఉండే ఇసుక తీరం ఇప్పుడు రెండు దుప్పట్లంత మిగిలింది. పడవలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబెట్టి ఉన్నాయి.

వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకడు తలెత్తాడు. "ఏటమ్మా ఇది, ఏ పేరంటం?" నేను మా అమ్మమ్మ ఊరు పేరు చెప్పి సంగతంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. "లోనికెల్లి ఇడవాల. ఒడ్డునిడిస్తే ఊరుకోదు గదా," అని వల పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాడు. వదిన గౌరమ్మను తీసి కొంగున కట్టుకుని, తాంబాలం ఆయన చేతికిచ్చింది. ఆయనా ఇంకొకరూ కలిసి పడవను అలల మీదికి తోశారు. అలలు విరిగే చోటు దాటాక పెద్దాయన వంగి బతుకమ్మను నీళ్ల మీద పెట్టడం మాకు కనపడింది. పసుపు రంగు కాసేపు పైకీ కిందికీ ఊగి, ఇక కనపడలేదు.

అన్న చేతులు జోడించాడు. ఎవరికి జోడిస్తున్నాడో తెలియదు, జోడించడం ఆయనకు అలవాటు లేక వేళ్లు సరిగా కలవలేదు. "పోయింది," అన్నాడు. "సూసినవా, పోయింది." వదిన తలూపింది. పెద్దాయన తిరిగొచ్చి ఖాళీ తాంబాలం ఇస్తూ, లోనికెల్లిపోనాదమ్మా అన్నాడు. అన్న ఆయన రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆయన ముఖం అంత తేటగా నేను వానాకాలం తర్వాత చూడలేదు.

నేనూ వదినా నీళ్ల అంచున నిలబడి ఉన్నాం. ఆమె చెయ్యి నా భుజం మీద ఉంది. పొద్దు వాలుతోంది, గాలి ఒడ్డుకే కొడుతోంది. ఒక అల వచ్చి వెనక్కి పోతూ నా కాలి పక్కన తంగేడు రెబ్బ ఒకటి వదిలి వెళ్లింది. నేను ఆలోచించలేదు. దాని మీద కాలు వేశాను. ఎవరైనా తొక్కుతారా ఆ పూలు. కాలు తీద్దామంటే, అన్న మా వైపే చూస్తున్నాడు.

వదిన కిందికి చూసింది. నా భుజం మీద చెయ్యి బిగించింది.

"జర అట్లనే ఉండు వదినె," అంది, పెదవులు కదలకుండా. "ఆయన సెప్పులేసుకొని అటు మర్లేదాక."

అన్న చెప్పులు దులుపుకున్నాడు. ఒకటి వేసుకున్నాడు, రెండోదాంట్లో ఇసుక ఉందని మళ్లీ విడిచాడు. ఇంకో అల వచ్చింది. ఈసారి ఒక్క రెబ్బ కాదు, గుప్పెడు పచ్చటి పూలు, గునుగుతో కలిసి మా ముందు ఇసుక మీద నిలిచాయి. వదిన చీర కుచ్చిళ్లు కొంచెం పైకెత్తి పట్టుకుని, ఆయన వైపు చూసి నవ్వుతూ, వాటి మీద తన కాలు పెట్టింది.